వడ్ల కొనుగోలు షీట్‌ను మండలం, ఊరు, తేదీ వారీగా ఒకేసారి సార్ట్ చేయడం, పదిమంది వాడే షీట్ చెదరకుండా చూసుకోవడం ఎలా?

వడ్లు కొనే ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) సెంటర్లలో, సొసైటీల్లో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు సీజన్ మొదలవగానే అడిగే ప్రశ్న ఒకటుంది. "మండలం వారీగా సార్ట్ చేస్తే తేదీలు కలగాపులగం అవుతున్నయి. తేదీ వారీగా చేస్తే మండలాలు చెదురుతున్నయి. రెండూ ఒకేసారి ఎట్లా?" దాని వెంటే ఇంకోటి వస్తుంది: "షీట్ నలుగురికీ షేర్ చేసినం. ఒకరు సార్ట్ నొక్కితే మిగతావాళ్లకు వరుసలన్నీ తారుమారైతున్నయి."

రెండింటికీ ఇక్కడ జవాబుంది. ఉదాహరణకు నల్లగొండ జిల్లా వడ్ల రిజిస్టర్ తీసుకున్నాం. జడ్చర్ల మార్కెట్ యార్డులో పల్లికాయ లాట్ల పట్టికైనా, బడిలో పిల్లల మార్కుల షీటైనా పద్ధతి మారదు.

కావాల్సినవి

కంప్యూటర్ లేదా ల్యాప్‌టాప్. ఫోన్‌లో ఇంత పని పెట్టుకోవద్దు, వేలు తగిలి వరుస జరిగినా తెలియదు. ఎక్సెల్ 2013 గానీ, ఆ తర్వాతి వెర్షన్ ఏదైనా గానీ సరే. నలుగురు కలిసి చూడాలంటే గూగుల్ షీట్స్ మేలు. షీట్‌లో ఈ పది కాలమ్‌లు ఉన్నాయనుకుందాం: సీరియల్, తేదీ, మండలం, ఊరు, రైతు పేరు, రకం, బస్తాలు, క్వింటాళ్లు, ట్రక్ షీట్ నంబర్, పైసలు. చివరి కాలమ్‌లో "పెండింగ్", "అప్రూవ్", "జమ" అనే మూడు మాటల్లో ఏదో ఒకటే ఉండాలి.

ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు షేర్ చేసే షీట్‌లో పెట్టకండి. వాటికి వేరే ఫైలు ఉండాలి.

1. ముందు వెనక్కి వచ్చే దారి వేసుకోండి

ఫైలుకు ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. తర్వాత సీరియల్ కాలమ్ చూడండి. అందులో 1, 2, 3 అని అసలు అంకెలే ఉండాలి. చాలా షీట్లలో "పై గడికి ఒకటి కలుపు" అనే ఫార్ములా ఉంటుంది. అలా ఉంటే సార్ట్ చేసిన ప్రతిసారీ అది మళ్లీ 1 నుంచి లెక్కబెట్టుకుంటుంది, పాత వరుస ఇక దొరకదు. ఆ కాలమ్‌ను కాపీ చేసి, అదే చోట "పేస్ట్ స్పెషల్", "వాల్యూస్" కొట్టండి. ఎన్నిసార్లు సార్ట్ చేసినా సీరియల్ మీద ఇంకోసారి సార్ట్ కొడితే రాసిన వరుస తిరిగి వస్తుంది.

బస్తాల మొత్తం, క్వింటాళ్ల మొత్తం, వరుసల సంఖ్య, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. చివర్లో పనికొస్తాయి.

2. డేటా శుభ్రం చేయండి

సార్ట్ తప్పిందని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం సార్ట్ తప్పు కాదు, డేటా తప్పు. ఓపిక అంతా ఇక్కడే పెట్టండి.

కలిపేసిన గడులు: "మిర్యాలగూడ" అని ఒక్కసారి రాసి కింద పది గడులు మెర్జ్ చేసి ఉంటే ఎక్సెల్ సార్ట్ చేయనంటుంది. మెర్జ్ తీసేసి ప్రతి వరుసలోనూ మండలం పేరు నింపండి. చూడ్డానికి బాగుండదని అనిపించవచ్చు. రిజిస్టర్ ఉన్నది చూసి మురిసిపోవడానికి కాదు.

మధ్యలో మొత్తాలు, ఖాళీ వరుసలు: రోజు చివర "ఈ రోజు మొత్తం" అని వరుస వేసే అలవాటుంటే మానండి. సార్ట్ చేయగానే ఆ వరుస రైతుల మధ్యలోకి వెళ్లి కూర్చుంటుంది. ఖాళీ వరుస ఉంటే ఎక్సెల్ పట్టిక అక్కడితో అయిపోయిందనుకుని కింది భాగాన్ని వదిలేస్తుంది.

ఊరి పేర్లు: "నకిరేకల్", "నకిరెకల్", "నక్రేకల్". మనిషికి ఒకే ఊరు, కంప్యూటర్‌కు మూడు ఊర్లు. "మిర్యాలగూడ", "మిర్యాలగూడెం" కూడా అంతే. ఫిల్టర్ పెట్టి మండలం కాలమ్ బాణం నొక్కితే పేర్ల జాబితా వస్తుంది. ఒకే పేరు రెండు రూపాల్లో కనబడితే "ఫైండ్ అండ్ రీప్లేస్"తో ఒకటి చేయండి. ఇకముందు తప్పులు రాకుండా "డేటా వ్యాలిడేషన్"తో మండలం కాలమ్‌కు జాబితా కట్టేయండి, టైపు చేసే పని లేకుండా ఎంచుకోవడమే మిగులుతుంది.

కనబడని అక్షరం: తెలుగులో ఇదొక ప్రత్యేకమైన తలనొప్పి. పొల్లుతో ముగిసే పేర్ల చివర కొన్ని కీబోర్డులు కంటికి కనబడని ఒక గుర్తును చేరుస్తాయి. "కనగల్" రెండు వరుసల్లో ఒకేలా కనబడుతుంది, లోపల మాత్రం వేరు. పక్క గడిలో "లెన్" ఫార్ములా పెట్టి చూడండి. సరైన "కనగల్"కు 5 వస్తుంది, ఆ గుర్తు ఉన్నదానికి 6 వస్తుంది. చివర ఖాళీ స్పేస్ ఉన్నా 6 వస్తుంది. స్పేస్ అయితే "ట్రిమ్" తీసేస్తుంది, ఈ గుర్తును మాత్రం ట్రిమ్ తీయలేదు. "సబ్‌స్టిట్యూట్" ఫార్ములాలో "యూనీక్యార్" 8204 అని ఇచ్చి దాన్ని ఖాళీతో మార్చాలి. లేదంటే సరైన పేరును కాపీ చేసి మిగతా గడుల మీద పేస్ట్ చేయండి, చిన్న షీట్‌కు అదే సుళువు.

అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లు: ఇవి తెరమీద తెలుగులా కనబడతాయి కానీ లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. సార్ట్ చేస్తే అకారాది క్రమం రాదు. యూనికోడ్‌లోకి మార్చాకే ముందుకు వెళ్లండి.

అంకెలు: బస్తాల కాలమ్‌లో 9, 10, 100 ఉంటే 10, 100, 9 అనే వరుసలో వస్తున్నాయా? అవి అక్షరాలుగా దిగాయి. అలాంటివి గడిలో ఎడమవైపు అతుక్కుని ఉంటాయి, నిజమైన అంకెలు కుడివైపుకు ఉంటాయి. "120 బస్తాలు" అని మాట కలిపి రాసినా ఇదే గతి. గడిలో 120 మాత్రమే ఉంచండి, "బస్తాలు" అన్నది హెడింగ్‌లో ఉందిగా. ట్రక్ షీట్ నంబర్ మాత్రం దీనికి మినహాయింపు. ముందు సున్నాలుంటే దాన్ని అక్షరాలుగానే ఉంచండి, అంకెగా మారిస్తే సున్నాలు పోతాయి.

తేదీలు: అన్నిటికంటే ఎక్కువ ముంచేది ఇదే. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 03-11-2024 అని రాసిన నవంబర్ 3ని మార్చి 11గా తీసుకుంటుంది. 25-11-2024ను మాత్రం తీసుకోలేదు, 25వ నెల లేదు కాబట్టి దాన్ని అక్షరాలుగా వదిలేస్తుంది. అంటే నెలలో మొదటి 12 రోజులు తప్పు తేదీలు, మిగతావి తేదీలే కావు. సార్ట్ చేస్తే సగం పైన, సగం కింద.

ఎడమవైపు అతుక్కున్న తేదీలను ఎంచుకుని "డేటా", "టెక్స్ట్ టు కాలమ్స్"లోకి వెళ్లి, మూడో తెరలో "డేట్" దగ్గర "డీఎంవై" (రోజు, నెల, సంవత్సరం) పెట్టి "ఫినిష్" కొట్టండి. అవి సరవుతాయి. మార్చి 11గా మారిపోయినవి దీంతో బాగుపడవు, ఎందుకంటే కంప్యూటర్ దృష్టిలో అవి ఇప్పటికే సరైన తేదీలు. వానాకాలం కొనుగోళ్ల రిజిస్టర్‌లో జూన్, జులై, ఆగస్టు తేదీలు కనబడ్డాయంటే అవి ఇవే. వాటిని చేత్తో దిద్దాలి. మళ్లీ రాకుండా విండోస్‌లో రీజియన్‌ను "ఇంగ్లిష్ ఇండియా"కు, గూగుల్ షీట్స్‌లో "ఫైల్", "సెట్టింగ్స్", "లొకేల్" దగ్గర "ఇండియా"కు మార్చండి.

3. ఏది ముందు, ఏది వెనక

ఏ ముక్కలుగా చూడాలో అది మొదటి లెవెల్, ఆ ముక్కలో ఏ వరుస కావాలో అది తర్వాతి లెవెల్. రెండో లెవెల్ పనిచేసేది మొదటి లెవెల్‌లో ఒకే విలువ ఉన్న వరుసల మధ్యనే. అందుకే ట్రక్ షీట్ నంబర్ లాంటి, ఒక్కోటి ఒక్కసారే వచ్చే కాలమ్‌ను పైన పెడితే కింది లెవెల్స్ అన్నీ దండగ.

పైసలు ఎవరికి పడలేదో చూడాలంటే: పైసలు, మండలం, తేదీ. పాత తేదీ పైకి రావాలి.

సన్నాల బోనస్ లెక్కకు: రకం, మండలం, ఊరు, రైతు పేరు. తెలంగాణ ప్రభుత్వం 2024 వానాకాలం నుంచి సన్నాలకు క్వింటాల్‌కు 500 రూపాయల బోనస్ ప్రకటించింది కాబట్టి దొడ్డు వడ్ల నుంచి వాటిని ముందే విడదీసుకోవాలి.

ఊరి వారీగా కాగితం తీయాలంటే: మండలం, ఊరు, రైతు పేరు, తేదీ. ఊరు ఒక్కటే పెట్టి మండలం వదిలేయకండి. రామాపురం, కొత్తపల్లి, వెంకటాపురం లాంటి పేర్లు ఒక్క మండలంలోనే ఉండవు, రెండు ఊర్ల రైతులు కలిసిపోతారు.

దేన్ని పెట్టినా అన్నిటికన్నా చివర సీరియల్ ఒక లెవెల్‌గా ఇవ్వండి. ఒకే రైతు ఒకే రోజు రెండుసార్లు కాంటా వేయించుకుంటే ఏది ముందో అది తేలుస్తుంది.

4. ఎక్సెల్‌లో చేసే పద్ధతి

ఎ) పట్టికలో ఏదో ఒక గడి మీద క్లిక్ చేసి కంట్రోల్, టీ కలిపి నొక్కండి. "మై టేబుల్ హ్యాజ్ హెడర్స్" దగ్గర టిక్ ఉందో లేదో చూసి ఓకే కొట్టండి. ఇప్పుడది టేబుల్ అయింది. ఒక్క కాలమ్ మాత్రమే సార్ట్ అయ్యి మిగతావి కదలకుండా ఉండే ప్రమాదం తప్పుతుంది, కొత్తగా కింద రాసిన వరుసలూ దానంతటవే చేరతాయి.

బి) "డేటా" ట్యాబ్‌లో పెద్దగా ఉండే "సార్ట్" బటన్ నొక్కండి. పక్కనున్న చిన్న ఏ-జెడ్ బటన్ కాదు, అది ఒక్క కాలమ్‌కే.

సి) "సార్ట్ బై" దగ్గర మొదటి కాలమ్, "ఆర్డర్" దగ్గర పెరిగే వరుసా తగ్గే వరుసా ఎంచుకోండి.

డి) "యాడ్ లెవెల్" నొక్కి రెండోది, మళ్లీ నొక్కి మూడోది. ఎక్సెల్ 64 లెవెల్స్ దాకా ఒప్పుకుంటుంది, మనకు సీరియల్‌తో కలిపి ఐదుకు మించి అవసరం రాదు. వరుస తప్పితే పైన ఉన్న బాణాలతో లెవెల్‌ను పైకీ కిందికీ జరపవచ్చు.

ఇ) పైసలు కాలమ్‌కు అకారాది పనికిరాదు. అలా చేస్తే "అప్రూవ్", "జమ", "పెండింగ్" అని వస్తుంది, మనకు ముందు కావాల్సింది పెండింగ్. "ఆర్డర్" దగ్గర "కస్టమ్ లిస్ట్" తెరిచి పెండింగ్, అప్రూవ్, జమ అని ఒక్కో లైన్‌లో రాసి "యాడ్" కొట్టండి. లారీ తిరిగే దారి వరుసలో మండలాలు కావాలన్నా ఇదే మార్గం. ఈ జాబితా మీ కంప్యూటర్‌లో ఉంటుంది. దాంతో సార్ట్ చేసి సేవ్ చేస్తే ఈ ఫైలుతో పాటే పక్కవాళ్లకూ వెళ్తుంది, వేరే ఫైళ్లలో వాడాలంటే మాత్రం వాళ్లు మళ్లీ చేసుకోవాలి.

ఎఫ్) ఓకే.

టేబుల్ చేయకుండా ఒక కాలమ్ మాత్రమే ఎంచుకుని సార్ట్ కొడితే ఎక్సెల్ ఒక ప్రశ్న అడుగుతుంది: "ఎక్స్‌పాండ్ ద సెలెక్షన్" చేయాలా, ఉన్నదాంతోనే కొనసాగాలా అని. రెండోది నొక్కారంటే రైతుల పేర్లు ఒకచోట, వాళ్ల క్వింటాళ్లు ఇంకోచోట. సేవ్ చేసి మూసేశాక అది దిద్దడానికి దారి ఉండదు, పక్కన పెట్టుకున్న కాపీ ఒక్కటే దిక్కు.

5. గూగుల్ షీట్స్‌లో

హెడింగ్‌తో సహా పట్టిక మొత్తం ఎంచుకుని "డేటా", "సార్ట్ రేంజ్", "అడ్వాన్స్‌డ్ రేంజ్ సార్టింగ్ ఆప్షన్స్" తెరవండి. "డేటా హ్యాజ్ హెడర్ రో"కు టిక్ పెట్టండి, లేకపోతే హెడింగ్ కూడా ఒక రైతు అయిపోయి మధ్యలోకి పోతుంది. "యాడ్ అనదర్ సార్ట్ కాలమ్"తో లెవెల్స్ పెంచుకోండి. ఇక్కడ కస్టమ్ లిస్ట్ లేదు. పెండింగ్‌ను ముందుకు తేవాలంటే "1-పెండింగ్", "2-అప్రూవ్", "3-జమ" అని పేర్ల ముందు అంకె పెట్టడం ఉన్నవాటిలో తేలిక.

ఈ సార్ట్ అందరికీ మారుతుంది. షీట్‌ను ఇంకొకరు చూస్తున్నప్పుడు ఇది చేయకండి. వాళ్లకోసం కింద రెండు దారులున్నాయి.

6. నలుగురికీ ఇవ్వాలంటే, మొదటి దారి: ఫిల్టర్ వ్యూ

"డేటా"లో "క్రియేట్ ఫిల్టర్ వ్యూ" నొక్కి పేరు పెట్టండి, "మిర్యాలగూడ పెండింగ్" అన్నట్టు. ఇందులో చేసిన సార్ట్ ఆ వ్యూ తెరిచినవాళ్లకే కనబడుతుంది, అసలు షీట్ కదలదు. చూడటానికి మాత్రమే అనుమతి ఉన్నవాళ్లు కూడా మీరు చేసి పెట్టిన వ్యూలను తెరవగలరు.

వ్యూలో సార్ట్ బాణం ఒక్కో కాలమ్‌కు ఒక్కోసారి నొక్కాలి. అందుకే తలకిందులుగా చేయాలి: ముందు చివరి లెవెల్, ఆఖరున మొదటి లెవెల్. మండలం, ఊరు, తేదీ కావాలంటే మొదట తేదీ నొక్కండి, తర్వాత ఊరు, ఆఖరున మండలం. ఇటునుంచి అటు చేసి "రావట్లేదు" అని చాలామంది వదిలేస్తారు.

జాగ్రత్త ఒక్కటే. వ్యూలో వరుస మాత్రమే మీ సొంతం, గడులు కాదు. అందులో ఒక అంకె మార్చితే అసలు రిజిస్టర్‌లోనూ మారుతుంది.

7. రెండో దారి: డ్రాప్‌డౌన్‌తో చూసే షీట్

మెనూలు తిరగడం రానివాళ్లకు ఇది సరిపోతుంది. పైన మూడు డ్రాప్‌డౌన్లు ఉంటాయి, ఎంచుకోగానే కింద పట్టిక ఆ వరుసలో వస్తుంది. రిజిస్టర్ చెక్కుచెదరదు.

ఎ) అసలు పట్టిక ఉన్న షీట్ పేరు "రిజిస్టర్" అనుకుందాం. "చూపు" అని కొత్త షీట్ తెరవండి. బీ1, బీ2, బీ3 గడుల్లో "డేటా వ్యాలిడేషన్"తో రిజిస్టర్ హెడింగ్‌ల జాబితా పెట్టండి. సీ1, సీ2, సీ3లో "పెరిగే", "తగ్గే" అనే రెండు మాటల జాబితా.

బి) 5వ వరుసలో హెడింగ్‌లు కాపీ చేయండి.

సి) ఏ6 గడిలో ఈ ఫార్ములా. ఇక్కడ చదవడానికి తెలుగులో ఇచ్చాం, షీట్‌లో ఫార్ములా పేర్లు, గడుల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి:

=సార్ట్(ఫిల్టర్(రిజిస్టర్!ఏ2:జే2000, రిజిస్టర్!ఏ2:ఏ2000<>""), ఇఫ్‌ఎర్రర్(మ్యాచ్(బీ1, రిజిస్టర్!ఏ1:జే1, 0), 1), సీ1<>"తగ్గే", ఇఫ్‌ఎర్రర్(మ్యాచ్(బీ2, రిజిస్టర్!ఏ1:జే1, 0), 1), సీ2<>"తగ్గే", ఇఫ్‌ఎర్రర్(మ్యాచ్(బీ3, రిజిస్టర్!ఏ1:జే1, 0), 1), సీ3<>"తగ్గే", 1, ట్రూ)

రేంజ్‌లు టైపు చేయకుండా రిజిస్టర్ షీట్‌లోకి వెళ్లి మౌస్‌తో ఎంచుకుంటే షీట్ పేరు చుట్టూ ఉండాల్సిన గుర్తులు అదే పెట్టుకుంటుంది.

డ్రాప్‌డౌన్ ఖాళీగా వదిలితే మ్యాచ్ ఎర్రర్ ఇస్తుంది, అప్పుడు ఇఫ్‌ఎర్రర్ సీరియల్ కాలమ్‌ను పట్టుకుంటుంది. "తగ్గే" కాకపోతే పెరిగేదే అని అడగడం కూడా అందుకే: సీ గడి ఖాళీగా ఉన్నా పెరిగే వరుస వస్తుంది.

డి) తేదీ కాలమ్‌లో 45599 లాంటి అంకెలు కనబడితే భయపడకండి, అది 2024 నవంబర్ 3. ఆ కాలమ్‌కు "ఫార్మాట్", "నంబర్", "డేట్" ఇస్తే చాలు.

ఇ) "డేటా", "ప్రొటెక్ట్ షీట్స్ అండ్ రేంజెస్"లో "చూపు" షీట్‌ను లాక్ చేసి, "ఎక్సెప్ట్ సర్టెన్ సెల్స్" దగ్గర బీ1 నుంచి సీ3 వరకు మినహాయించండి. రిజిస్టర్ షీట్‌ను ఎంట్రీ చేసేవాళ్లకు తప్ప అందరికీ లాక్ చేయండి. లాక్ లేకపోతే ఎవరో ఒకరు పట్టిక మధ్యలో ఏదో టైపు చేస్తారు, మొత్తం పట్టిక పోయి ఏ6లో రెఫ్ ఎర్రర్ మిగులుతుంది. ఆ టైపు చేసిన గడిని ఖాళీ చేస్తే తిరిగి వస్తుంది.

ఇద్దరు ఒకేసారి డ్రాప్‌డౌన్ మారిస్తే ఒకరి పట్టిక ఇంకొకరికి మారుతుంది. "చూపు" షీట్‌ను డూప్లికేట్ చేసి మనిషికొకటి ఇవ్వండి.

ఎక్సెల్‌లో ఇదే కావాలంటే "సార్ట్‌బై" ఫార్ములా ఉంది, కానీ 2021, ఆ తర్వాతి వెర్షన్లలో, 365లో మాత్రమే. 2016, 2019లో లేదు. ఎక్సెల్‌లో ఇంకో చిక్కు: "ప్రొటెక్ట్ షీట్"లో "సార్ట్"కు టిక్ పెట్టినా, గడులు లాక్‌లో ఉంటే సార్ట్ జరగదు. గడుల లాక్ తీస్తే ఎవరైనా అంకెలు మార్చేస్తారు. పదిమందికి ఇచ్చే షీట్‌కు గూగుల్ మేలని మొదట చెప్పింది ఇందుకే.

రెండో లెవెల్ పనిచేయకపోతే

మొదట తేదీ కాలమ్ చూడండి. గూగుల్ ఫామ్ నుంచి వచ్చిన టైమ్‌స్టాంప్‌లో గంటలు, నిమిషాలు, సెకండ్లు దాగి ఉంటాయి. తెరమీద తేదీ ఒక్కటే కనబడినా ఏ రెండు వరుసలూ సమానం కావు, అందుకని దాని కింద పెట్టిన మండలం కదలదు. పక్కన ఒక కాలమ్ వేసి "ఇంట్" ఫార్ములాతో గంటలు తీసేసి, దాని మీద సార్ట్ చేయండి.

సార్ట్ చేశాక మొత్తాలే మారిపోతే ఫార్ములాలు చూడండి. "నిన్నటిదాకా మొత్తం" లాంటి, పై వరుసను పట్టుకుని లెక్కించే కాలమ్ సార్ట్‌తో తప్పకుండా చెడుతుంది. వేరే షీట్‌లోని 5వ వరుసను నేరుగా చూపించే ఫార్ములా కూడా అంతే. అదే వరుసలోని గడులను మాత్రమే వాడే ఫార్ములాలకు ఏమీ కాదు.

పైసలు కాలమ్ ఖాళీగా వదిలిన వరుసలు ఎటు సార్ట్ చేసినా అడుగునే ఉంటాయి. పెండింగ్ అనే అర్థంలో ఖాళీ వదిలితే ఆ రైతు పైకి రాడు. మాట రాయాల్సిందే.

సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

కాగితం మీద రాసుకున్న మూడు మొత్తాలూ మళ్లీ చూడండి. అయితే మొత్తాలు సరిపోయాయని వరుసలు సరిపోయినట్టు కాదు. ఒక్క కాలమే జరిగినా మొత్తం మారదు కదా. అందుకే ఇంకో పరీక్ష: బస్తాకు 40 కిలోలు, అంటే 120 బస్తాలకు 48 క్వింటాళ్లు, 85 బస్తాలకు 34. పై నుంచి రెండు, మధ్య నుంచి రెండు, కింద నుంచి రెండు వరుసలు తీసి బస్తాలను 0.4తో గుణించి చూడండి. క్వింటాళ్ల కాలమ్ ఫార్ములాతో వస్తుంటే ఈ పరీక్ష ఎప్పుడూ పాసవుతుంది, దాన్ని నమ్మొద్దు. అప్పుడు ఆ ఆరు వరుసల ట్రక్ షీట్లు తీసి రైతు పేరుతో పోల్చండి.

మండలం మారే చోట ఆగి చూడండి. త్రిపురారం అయిపోయి నిడమనూరు మొదలయ్యే దగ్గర తేదీ మళ్లీ పాతదాని నుంచి మొదలవ్వాలి. ఒకసారి అయిపోయిన మండలం కింద ఇంకెక్కడో కనబడిందంటే స్పెల్లింగో, ఆ కనబడని గుర్తో ఉన్నట్టే.

తేడా వస్తే కంట్రోల్, జెడ్. గూగుల్ షీట్స్ మూసేసి ఉంటే "ఫైల్", "వెర్షన్ హిస్టరీ"లోకి వెళ్లి సార్ట్‌కు ముందున్న గంటను ఎంచుకుని "రీస్టోర్" కొట్టండి. ఆ తర్వాత ఎవరైనా కొత్త ఎంట్రీలు చేసి ఉంటే అవి పోతాయి, రీస్టోర్‌కు ముందే వాటిని వేరే షీట్‌లోకి కాపీ చేసుకోండి.